పసిగుండెకు పదిమంది ఆసరా

యంత్రాలతో పనిచేసేవారికి పంపును గురించి వేరే చెప్పనక్కరలేదు. మనిషి గుండె నిజానికి ఒక పంపు కాదు. ఒకే పోతలో పోసిన రెండు పంపులు. కుడివైపు పంపు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమవైపుది మిగిలిన శరీరమంతటికీ అందిస్తుంది. పెద్దవారిలో ఎడమ పంపు పీడనం పాదరస మట్టంలో సుమారు 120 మిల్లీమీటర్లు ఉంటే కుడి పంపు పీడనం 25 ప్రాంతంలోనే ఉంటుంది. ఇంత తేడా గల రెండు పీడనాల నడుమ ఉన్నది ఒక్క గోడ. శిశువు తల్లి గర్భంలో ఉండగా ఆ గోడ పూర్తిగా మూసుకొనక సందు మిగిలిపోతే, దానినే మనం వాడుకలో గుండెలో రంధ్రం అంటున్నాము.

రంధ్రం చిన్నదైతే చాలామంది పిల్లలలో అదే పూడిపోతుంది. పెద్దదైతే ఎడమవైపు రక్తం అధిక పీడనంతో కుడివైపునకు దూకి, ఊపిరితిత్తులకు మామూలుగా వెళ్ళవలసిన దానికి రెండు మూడు రెట్లు రక్తం చేరుతుంది. బిడ్డ పాలు తాగుతూనే ఆయాసపడుతుంది, నుదుట చెమట పోస్తుంది, బరువు పెరగదు, మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది. ఇవి తల్లి కంటికి కనిపించేవి. కనిపించనిది ఇంకొకటి ఉన్నది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళాల గోడలు క్రమంగా మందమై బిరుసెక్కుతాయి. కొంతకాలానికి కుడివైపు పీడనం ఎడమవైపు దానిని మించి, ప్రవాహం ఎదురు తిరుగుతుంది. అప్పుడు రంధ్రాన్ని మూస్తే మేలుకు బదులు కీడే జరుగుతుంది. కాబట్టి శస్త్రచికిత్సకు ఒక గడువు ఉన్నది. పెద్ద రంధ్రమైతే మొదటి సంవత్సరంలోనే మూయాలంటారు వైద్యులు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారైన శిశువులకైతే ఆ గడువు కొద్ది వారాలే. పేదవాని బిడ్డకు సొమ్ము పోగుచేయడంలో ఎంత వచ్చింది అన్నది రెండవ ప్రశ్న. ఎప్పటికి వచ్చింది అన్నది మొదటిది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది ముఖ్యంగా దీనిని గురించే.

సజీవంగా పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువులలో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక పుట్టులోపం ఉంటుంది. మన దేశంలో ఏటా అటువంటి పిల్లలు రెండు లక్షలకు పైగా పుడుతున్నారని అంచనా. వారిలో సుమారు అయిదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలి. వైద్యం లేక కాదు. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఒక పాప గుండె దగ్గర మూసుకోకుండా మిగిలిన నాళాన్ని ముడివేసింది 1938లో. ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె పనినీ ఊపిరితిత్తుల పనినీ చేసే యంత్రాన్ని మనిషిపై విజయవంతంగా వాడింది 1953లో. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో అటువంటి యంత్రంతో గుండెను తెరచి చికిత్స చేయడం 1960ల ఆరంభంలోనే మొదలయింది. విద్య ఉన్నది, నిపుణులు ఉన్నారు. బిడ్డకూ శస్త్రచికిత్స బల్లకూ మధ్య నిలబడుతున్నది చాలావరకు డబ్బూ, కాగితాలూ.

మనవంటి సంస్థలలో శాశ్వత ఉద్యోగులకు ఈ బాధ చాలావరకు లేదు. సంస్థ ఆసుపత్రి ఉన్నది, అక్కడ కానిది పెద్ద ఆసుపత్రికి పంపుతారు, బిల్లు సంస్థ చెల్లిస్తుంది. కాని మన పక్కనే, మన హెల్మెట్టు వంటి హెల్మెట్టే పెట్టుకొని, అదే వేడిలో నిలబడే కాంట్రాక్టు కార్మికుని సంగతి వేరు. నేను ఉద్యోగంలో చేరిన 1990లలో అటువంటివారి ఇంట బిడ్డకు జబ్బు చేస్తే క్యాంటీనులో తెల్లకాగితం ఒకటి తిరిగేది. పేరు, టోకెన్ నంబరు, ఇచ్చిన మొత్తం, సంతకం. జీతాల రోజున తిరిగితే పదులు, ఇరవైలు. నెలాఖరున తిరిగితే రెండు రూపాయలు. ఇప్పుడా కాగితం సెల్ ఫోనులోకి వచ్చింది. దాని పేరు క్రౌడ్‌ఫండింగ్ అయింది.

పేరు కొత్తది గాని పని కొత్తది కాదు. పిడికెడు బియ్యం ఎత్తి పది మంది పని చేయించుకోవడం మన ఊళ్ళకు తెలియనిదా? గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు అయిదు లక్షల మంది తలకు రెండు రూపాయలు వేసుకొని 1976లో 'మంథన్' చిత్రాన్ని నిర్మించారు. అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమకు పీఠం కట్టడానికి సొమ్ము చాలకపోతే జోసెఫ్ పులిట్జర్ 1885లో తన పత్రిక ద్వారా విన్నపం చేసి, లక్షమందికి పైగా సామాన్యుల నుంచి లక్ష డాలర్లకు పైగా సేకరించాడు. దాతలలో ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. మన దేశంలో 2010లో మిలాప్, 2012లో కెట్టో, 2014లో ఇంపాక్ట్ గురు ఈ పనిని అంతర్జాలంలోకి తెచ్చాయి. క్యాంటీను కాగితం చేరలేని చోటికి ఇవి చేరుతాయి. అమెరికాలోని మేనమామ స్నేహితునికి కూడా బిడ్డ ఫొటో కనిపిస్తుంది. అది నిజమైన మేలు, కాదనను. దాని పరిమితి ఏమిటో మాత్రం నేను లిలువాలో చూశాను.

2018లో వ్యాగన్ల తనిఖీ పనిమీద నేను కొన్ని నెలలు కలకత్తాలో ఉన్నాను. హౌరాలో మెయిన్ లైను బండి ఎక్కితే మొదటి స్టేషను లిలువా. హౌరాలోని రైల్వే బోగీల కర్మాగారాన్ని 1900లో అక్కడికి మార్చారు. నాటి నుంచి ఆ ఊరికి రివెట్ల మోతే మేలుకొలుపు. దాని చుట్టూ చిన్నా పెద్దా ప్రైవేటు షెడ్లు ఎన్నో. నేను వెళ్ళే షెడ్డులో మనవారు ఆరుగురు వెల్డర్లు ఉండేవారు. పలాస చుట్టుపక్కల గ్రామాలవారు. ఖరగ్‌పూర్ అంత కాకపోయినా హౌరా ప్రాంతంలో తెలుగు మాట వినబడడం అరుదేమీ కాదు.

ఆ ఆరుగురిలో ఒకతని కూతురికి ఏడవ నెల. పుట్టింది హౌరాలోనే. గుండె గదుల మధ్య పెద్ద రంధ్రమని, రెండు నెలల్లోగా మూయించాలని వైద్యులు చెప్పారు. ఒక ప్రైవేటు ఆసుపత్రి 2,85,000 రూపాయలకు అంచనా రాసిచ్చింది. అతని దినకూలీ, ఓవర్‌టైముతో కలిపినా, ఆ మొత్తానికి ఏడాదిన్నర సంపాదన. ఇ.ఎస్.ఐ. ఉండవలసిన ఉద్యోగమే గాని కాంట్రాక్టరు అతని పేరు నమోదు చేయించలేదు. బెంగాలు ప్రభుత్వం పిల్లల గుండె చికిత్సల కోసం 2013లో శిశు సాథి అనే పథకం పెట్టింది. కలకత్తాలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రితో పాటు కొన్ని ప్రైవేటు ఆసుపత్రులలోనూ ఆ పథకం కింద ఉచితంగా చేసేవారు. కాని ఈ కుటుంబానికి బెంగాలు చిరునామాకు రుజువు ఏదీ లేదు. షెడ్డు వెనక రేకుల గదికి అద్దె రసీదు ఎవరిస్తారు?

షెడ్డులో కాగితం తిరిగింది. బెంగాలీలు, బిహారీలు, మనవారు కలిసి నూట నలభై మంది 61,000 రూపాయలు వేశారు. తోటి వెల్డరు మేనల్లుడు ఒకడు కళాశాల విద్యార్థి. అతడు ఫోనులో విన్నపం పెట్టాడు. తొమ్మిది రోజులలో 37,000 వచ్చి ఆగింది. రెండూ కలిపినా మూడో వంతు. ఈలోగా ఊరి నుంచి బంధువులు ఫోను చేసి, ఆడపిల్ల కోసం ఇంత అప్పు నెత్తిన వేసుకొంటావా అన్నారట. ఈ మాట ఒక్క పలాస వారిదే అనుకొని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, శస్త్రచికిత్స చేయించమని సలహా ఇచ్చిన మగపిల్లలలో నూటికి 70 మందికి అది జరిగితే, ఆడపిల్లలలో 44 మందికే జరిగింది. రంధ్రం ఒకటే, గడువు ఒకటే.

ఆ ఇంటికి దగ్గరలో ఒక తెలుగు రైల్వే కుటుంబపు పెద్దావిడ ఉండేది. ఆమె చందా ఇవ్వడానికి వచ్చి, నా ఎదుటనే ఆ కుర్రవాణ్ణి అడిగింది.

"ఏటి బాబూ, ఊర్లో తెల్లకార్డు ఉందా నేదా?"

"ఉందమ్మా. మా యమ్మ కాడ ఉంది."

"మరింక ఈ ఊర్లో ఏటి సేస్తన్నావు? పిల్లని పట్టుకొని ఇశాపట్నం ఎల్లు."

అంతవరకు ఎవరికీ తట్టని మాట అది. ఆంధ్రప్రదేశ్ తెల్లకార్డు కుటుంబాలకు అప్పట్లో ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్న పథకంలో పిల్లల గుండె శస్త్రచికిత్సలు ఉచితం. హౌరా నుంచి విశాఖకు ఒక్క రాత్రి ప్రయాణం. కాని దేవుడు కూడా కాగితాల వైపే ఉన్నాడనిపించింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగ్గా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కార్డు ఉన్న ఇంటి రేకులు లేచిపోయాయి. ముసలమ్మ కార్డును పాలిథిన్ సంచిలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టడం వల్ల అది తడవలేదు. అందులో పాప పేరు లేదు. జనన ధ్రువపత్రం హౌరాది, తల్లిదండ్రుల చిరునామా శ్రీకాకుళం జిల్లాది. ఈ రెంటినీ కలిపే కాగితం చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. నవంబరు నెలలో విశాఖలోని ఒక ఆసుపత్రిలో పాపకు శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రికి వారు కట్టింది ఏమీ లేదు.

మరి చందా సొమ్ము ఏమయింది? ఆ లెక్క ఆ తండ్రి నోటు పుస్తకంలో రాసిపెట్టాడు, నాకు చూపించాడు. ముగ్గురికి రైలు టికెట్లు, పలాస నుంచి విశాఖకు నాలుగు సార్లు తిరుగుడు, ఆసుపత్రి దగ్గర ఇరవైమూడు రోజులు గది అద్దె, భోజనాలు, రక్తం ఇచ్చినవారి ఆటో కిరాయి, డబ్బాపాలు, ఇంటికి వెళ్ళాక కొన్న మందులు, మళ్ళీ చూపించుకోవడానికి రాకపోకలు, ఆ నెలన్నర కూలీ లేక ఇంటిఖర్చు. మొత్తం 42,600. ఉచిత శస్త్రచికిత్సకు అయిన ఖర్చు ఇది. షెడ్డు చందా లేకపోతే పథకం ఉన్నా వారు విశాఖ చేరగలిగేవారు కారు. మిగిలిన 18,400 తెచ్చి చందా వేసినవారి చేతిలోనే పెట్టాడు. అంతర్జాలంలో వచ్చిన సొమ్ము మాత్రం కలకత్తా ఆసుపత్రి అంచనా మీద వచ్చినది కనుక, ఆ పేజీ మూసి దాతలకు తిప్పి పంపవలసి వచ్చింది.

నా అభిప్రాయంలో చందా పని చేయవలసిన చోటు అదే. లక్షల బిల్లును చందాతో ఎదుర్కోబోతే నెలలు గడుస్తాయి. నెలలే బిడ్డకు లేనివి. గొట్టపు మార్గాలతో పనిచేసినవారికి తెలుసు, గొట్టం మధ్యలో పగలడం తక్కువ. కారేది జాయింటు దగ్గర. ప్రభుత్వ పథకాలూ అంతే. ఒక్కొక్కటి తన మేరకు గట్టిదే. రాష్ట్రానికీ రాష్ట్రానికీ నడుమ, కార్డుకూ జనన పత్రానికీ నడుమ, ఊరికీ ఆసుపత్రికీ నడుమ కారుతుంది. పదిమంది వేసే వంద రూపాయలు ఆ జాయింటుకు వాషరు వంటివి.

పథకాలు కూడా ఒకప్పుడు చందా వంటివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నుంచి 2007 జూన్ వరకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి సుమారు 55 వేల మందికి 168 కోట్ల రూపాయలు వైద్యానికి ఇచ్చారు. ప్రతి ఒక్కటీ ఒక అర్జీ, ఒక సిఫారసు, ఒక నిరీక్షణ. ఈ అనుభవం మీదనే 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమయింది. అర్జీదారు హక్కుదారు అయ్యాడు. తరువాత రెండు రాష్ట్రాలలోనూ పేర్లు, పరిమితులు మారుతూ వచ్చాయి గాని పసిపిల్లల గుండె చికిత్స మాత్రం ఆ జాబితాలో నిలిచే ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించి పుట్టులోపాలను గుర్తిస్తారు. మన కాలనీ వెనుక బస్తీలోని అంగన్‌వాడీకి ఆ బృందం ఎప్పుడు వస్తుందో మనలో ఎందరికి తెలుసు?

దాతలు నిలబెట్టిన సంస్థలూ ఉన్నాయి. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఆసుపత్రి 1991 నవంబరు నుంచి బిల్లు అనేది లేకుండా గుండె శస్త్రచికిత్సలు చేస్తున్నది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి పేరిట చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించింది. భక్తుని కానుక ఒక పాప గుండెకు చేరే దారి అది. విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌కు బ్రిటన్‌లోని హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ తరఫున వైద్యులు వచ్చి పిల్లలకు చికిత్స చేసి వెళుతూ వచ్చారు. నటుడు మహేష్‌బాబు ఆ పనికి తోడ్పడిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఇటువంటి చోట్ల దాత ఇచ్చిన సొమ్ము ఫలానా బిడ్డకని విడిగా ఉండదు. వరుసలో ముందున్న బిడ్డకు చేరుతుంది.

ఆ తేడా చిన్నది కాదు. అమెరికాలో డెబోరా స్మాల్, జార్జి లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పాల్గొన్నవారికి అయిదేసి డాలర్లు ఇచ్చి, ఆఫ్రికాలో కరవును గురించి చెప్పారు. లక్షల మంది అంకెలు మాత్రమే చూసినవారు సగటున ఒక డాలరు 14 సెంట్లు ఇచ్చారు. ఒక్క పాప ఫొటో చూసినవారు 2 డాలర్ల 38 సెంట్లు ఇచ్చారు. ఫొటోతో పాటు అంకెలు కూడా చూపితే దానం మళ్ళీ తగ్గి 1 డాలరు 43 సెంట్లయింది! మన గుండె లెక్కలకు కరగదు, ముఖానికి కరుగుతుంది. అందుచేత ఫోనులో విన్నపాలు ఫొటోల పోటీ అవుతున్నాయి. చక్కగా నవ్వే పాపకు సొమ్ము వస్తుంది. నల్లగా చిక్కి, కెమెరా చూసి ఏడ్చే పాపకు రాదు. ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసే మేనల్లుడు లేని ఇంటికి అసలే రాదు. ఛాతీమీద గొట్టాలతో పడుకొన్న పసిదాని ఫొటో ఊరందరి ఫోన్లలో తిరగడం నాకు నచ్చదు. ఆ పాప రేపు పదహారేళ్ళది అవుతుంది, బడికి వెళుతుంది, పెళ్ళి చూపులకు కూర్చుంటుంది. ఆసుపత్రి అంచనా కాగితం, వైద్యుని చీటీ, తండ్రి పనిచేసే విభాగం పేరు చాలు. ఒకే సంస్థలో ఉన్నవారికి అంతకు మించిన పరిచయం అక్కరలేదు.

సొమ్ము సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. పెద్ద మొత్తమైతే తండ్రి ఖాతాలో కాక, నేరుగా ఆసుపత్రి ఖాతాలో బిడ్డ నమోదు సంఖ్యతో జమచేయడం మంచిది. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి వచ్చిన కానుకలను ఆదాయంగా లెక్కించే పన్ను నిబంధన ఒకటి ఉన్నది. దానితో పేదవానికి లేనిపోని తలనొప్పి. వ్యక్తికి ఇచ్చిన చందాకు దాతకు పన్ను రాయితీ రాదు. అది గుర్తింపు పొందిన సంస్థకు ఇచ్చినప్పుడే. అంతర్జాల సంస్థలు తమ రుసుము ఎంత తీసుకుంటున్నాయో, శస్త్రచికిత్స వేరే ఆసుపత్రికి మారితే సొమ్ము ఏమవుతుందో విన్నపం పెట్టకముందే చదవాలి.

హౌరాలో దక్షిణాదికి వెళ్ళే బండ్లు ఎక్కితే మందుల సంచులతో, ఎక్స్-రే కవర్లతో కాట్పాడి వరకు వెళ్ళే బెంగాలీ కుటుంబాలు కనిపిస్తాయి. వెల్లూరుకు దిగే స్టేషను అది. ఆ బండ్లు మన విజయనగరం, విశాఖ, రాజమండ్రి మీదుగానే పోతాయి. గుండె శస్త్రచికిత్సకు వెళ్ళే రోగికీ, తోడు వెళ్ళే ఒకరికీ స్లీపరులోను, మూడవ శ్రేణి ఎ.సి.లోను 75 శాతం రాయితీ ఉన్నది. 2020 మార్చిలో రైల్వేలు చాలా రాయితీలు ఎత్తివేసినా రోగుల రాయితీలను ఉంచారు. ఆసుపత్రివారు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం రాసి ఇవ్వాలి, దానిని టికెట్ కౌంటరులో చూపాలి. లిలువా పాప తండ్రికి ఆ సంగతి తెలిసింది పూర్తి ధరకు టికెట్ కొన్న తరువాత.

ఇక మన విభాగాలలో కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు రాసే సూపర్‌వైజరు మిత్రులకు ఒక మాట. 2017 జనవరి నుంచి ఇ.ఎస్.ఐ. వేతన పరిమితిని 21,000 రూపాయలకు పెంచారు. ఆ లోపు వేతనం ఉన్నవారి భార్యాబిడ్డలకూ వైద్య సదుపాయం వర్తిస్తుంది. పాసు మీద ఇ.ఎస్.ఐ. సంఖ్య రాసే గడి ఉన్నచోట, అది నిజంగా ఆ మనిషిదేనా, అందులో పిల్లల పేర్లు చేర్చారా అని ఒకసారి అడగండి. సొంత ఊరి కార్డులో కొత్తగా పుట్టిన బిడ్డ పేరు ఉన్నదా అనీ అడగండి. రెండు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. క్యాంటీనులో కాగితం తిరిగేదాకా ఆగనవసరం లేదు.